ఫోటోలో ఉన్న రేవు ఏ ఊరిది?

ఖరగ్‌పూర్‌లో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ శ్రీకాకుళం, విశాఖ వైపు వాళ్లు అక్కడికి పనికి వెళ్లి స్థిరపడ్డారు. అలాంటి ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున ఓ పాత ఫోటో దొరికిందనుకోండి. ముత్తాతగారు, వెనక ఓడలు. అది కలకత్తానా, విశాఖా? ఎలా తెలుస్తుంది?

ముందు ముత్తాతగారిని పక్కన పెట్టి వెనకున్న నేలను చూడండి. ఓడలు వెళ్లిపోతాయి, కొండలు ఎక్కడికీ పోవు. కలకత్తాది హుగ్లీ నది మీది రేవు, చుట్టూ చదును నేల. సముద్రంలోకి ముక్కులా పొడుచుకొచ్చిన కొండ కనిపిస్తే విశాఖ డాల్ఫిన్స్ నోస్ అయ్యుండొచ్చు. తొందరపడొద్దు! అవతలి గట్టున మూడు చిన్న కొండలుండాలి: ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఇంకోదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి.

రేవు లోపల నిలబడి సముద్రం వైపు చూస్తే డాల్ఫిన్స్ నోస్ కుడిచేతి వైపు ఉంటుంది. ఫోటోలో ఎడమకు ఉందా? సముద్రం మీద నుంచి తీసుండాలి, లేదా నెగెటివ్ తిరగేసి ప్రింటు వేసుండాలి. ఓడ పేరు తిరగబడి కనిపిస్తే రెండోదే నిజం.

ఇక ఏడాది. విశాఖ రేవు 1933లో మొదలైంది. డాల్ఫిన్స్ నోస్ మీద లైట్‌హౌస్ 1957లో వెలిగింది. అది కనిపిస్తే ఫోటో మరీ పాతది కాదు.

ఫోటో వెనక పెన్సిల్ రాత ఉంటే చెరిపేయకండి, దాన్నీ స్కాన్ చేయించండి.