కంపలోని అతిథి

లాల్‌బాగులో పూలు చూచేవారు వేలమంది, పొదలు చూచేవారేరీ? మొన్న మాఘమాసంలో మేము కెమెరాతో ఒక పొదముందు రెండు గంటలు కూర్చొన్నాము. 'చెక్, చెక్' మని పిలుపే గాని పిట్ట కనబడదు. అదే కంపజిట్ట. 1849లో బ్లైత్ పండితుడు దీనికి శాస్త్రనామ మిచ్చాడు. తూకం రమారమి 11 గ్రాములు. ఫిన్లండు మొదలు సైబీరియా దాకా వేసవిలో గూళ్ళు కట్టి, చలికాలానికి మనదేశం చేరుతుంది. ఇక్కడ ఒక్కొక్కటీ తన పొదల జాగాను కాచుకొంటుంది.

సెల్‌ఫోనులో దాని కూత వినిపిస్తే బయటికి వస్తుందన్నాడు మిత్రుడు. వచ్చేది పిలిచామని కాదు, తన చోటికి పగవాడు వచ్చాడని! వద్దన్నాము. చివరకు బొమ్మలో దొరికింది తోక, సగం రెక్క. అయినా తృప్తే.

పాఠకులారా! పెరటి కంప కొట్టించేముందు ఒక్కసారి చెవియొగ్గండి. దూరపు చుట్టం అందులో దిగియున్నదేమో!