మలుగు చేప – దాని చుట్టరికాలు



ఏటి ఒడ్డున ఉండేవారికి మలుగును గురించి కొత్తగా చెప్పవలసిన పని లేదు. మలుగు పాము అని కూడ అంటారు. గోదావరిలోను, కృష్ణలోను అప్పుడప్పుడు వలకు తగులుతుంది. గట్టిగా పట్టుకొందామంటే ఒంటి జిగురువల్ల చేతిలోనుంచి జారిపోతుంది. “దీని పిల్లను ఎక్కడ కొనాలండీ? చెరువులో వేసుకొంటాము” అని రైతులు అడుగుతూ ఉంటారు. జవాబు చెప్పాలంటే ముందు ఈ చేప పుట్టుక, చుట్టరికము తెలియాలి.

మొదట ఒక పొరపాటును సరిదిద్దుకొందాము. పొడుగ్గా పామువలె ఉన్నది గదా అని బొమ్మిడాయిని మలుగుకు తమ్ముడనుకొంటారు. కాదు. బొమ్మిడాయి వీపుమీద వరుసగా ముళ్లుంటాయి, మలుగుకు ఉండవు. బొమ్మిడాయి మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుంది. నిజానికి దానికి దగ్గర చుట్టం మన కొర్రమేను! మలుగు వంశమే వేరు. ఆకారము ఒకటైనంత మాత్రాన రక్తసంబంధం ఉన్నదనుకోరాదు.

మరి రక్తసంబంధం ఎట్లా తెలుస్తుంది? పూర్వం తాళపత్ర గ్రంథాలకు నకళ్లు వ్రాసేవారు. ఒక లేఖకుడు ఒక అక్షరం తప్పు వ్రాస్తే, ఆ ప్రతిని చూచి వ్రాసిన వాళ్లందరికీ అదే తప్పు వచ్చేది. రెండు ప్రతులలో ఒకేచోట ఒకే విధమైన తప్పులు చాలా కనబడితే, రెండూ ఒకే మాతృక నుంచి వచ్చినవని పండితులు పోల్చుకొంటారు. జీవకణంలో ఉండే జన్యుపదార్థం కూడ అటువంటి వ్రాతే. తరం తరానికి నకలు అవుతుంది, అక్కడక్కడ అక్షరం మారుతుంది. అందులో కొంత భాగము తల్లి నుంచి మాత్రమే బిడ్డకు వస్తుంది. దానిని చదివితే తల్లివైపు వంశవృక్షాన్ని గీయవచ్చును.

ఇది రాకముందు శాస్త్రజ్ఞులు వెన్నుపూసలు లెక్కపెట్టేవారు, పళ్ల వరుసలు, వీపు రెక్క పొడవు కొలిచేవారు. డెన్మార్కు దేశస్థుడు ఎగె 1939లో ఇట్లాగే ప్రపంచంలోని మలుగులను వర్గీకరించాడు. ఐరోపా మలుగుకు సగటున 115 వెన్నుపూసలు, అమెరికా మలుగుకు 107. పైకి చూస్తే రెండూ ఒకటే! ఈనాటి లెక్కలో మొత్తం 16 జాతులు. జన్యువులు చదివిన తరువాత కూడ ఆయన విభజనలో చాలా భాగం నిలిచింది. అంత ఓపికగా చేసిన పని అది.

అయితే జన్యువులు ఒక ఆశ్చర్యకరమైన సంగతి బయటపెట్టినవి. 2010లో జపాను శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధన ప్రకారం, మంచినీటి మలుగుకు దగ్గర దాయాదులు తీరంలో తిరిగే సముద్రపు పాము చేపలు కావు. నడిసముద్రంలో వెలుతురు అందని లోతులలో ఉండే చేపలు. ఒకదానికి పొడుగాటి సన్నని ముక్కు, ఇంకొకదానికి సంచివంటి నోరు. అంటే మలుగుకు పుట్టినిల్లు సముద్రమే. ఏరు మేతకు వచ్చిన పొలం.

అందుకే ఎక్కడ పెరిగినా గుడ్లు పెట్టే వేళకు సముద్రానికి పోవలసిందే. మన మలుగూ అంతే. ఐరోపా మలుగు 5,000 కిలోమీటర్లకు పైబడి ఈది, అమెరికా వైపున ఉన్న సర్గాసో సముద్రానికి పోతుంది. ష్మిట్ అనే ఆయన 1904 నుంచి ఓడలలో తిరిగి, నానాటికీ చిన్న పిల్లలు ఎక్కడ దొరుకుతాయా అని వెతికి, 1922లో ఆ చోటును ప్రకటించాడు. జపాను మలుగు గుడ్లు 2009లో మేరియానా దీవుల పడమటి సముద్రంలో దొరికినవి. పిల్ల ఆకువలె పలుచగా, అవతలి వస్తువు కనబడేంత తేటగా ఉండి, ప్రవాహంలో కొట్టుకొని వచ్చి, ఒడ్డు చేరేసరికి గాజుపుల్లవలె మారుతుంది.

ఇక అసలు విషయానికి వద్దాము. ఒంగోలు పశువు, పుంగనూరు పశువు ఎవరి సీమలో అవి జత కట్టినందువల్ల వేరు వేరు లక్షణాలు నిలిచినవి. మలుగులోను అట్లాగే ఏటికొక రకం ఉన్నదా? ఐరోపా మలుగులో కొంచెం తేడా ఉన్నదని 2001లో కొందరు అన్నారు. తరువాత వేరు వేరు సంవత్సరాల పిల్లలను పోల్చి చూడగా, ఏటికీ ఏటికీ మధ్య కంటె సంవత్సరానికీ సంవత్సరానికీ మధ్యనే తేడా ఎక్కువని తేలింది. 2011లో సర్గాసోలోనే పట్టిన పిల్లలను పరీక్షించి, అన్ని దేశాల మలుగులూ ఒకే గుంపుగా కలిసి జత కడుతున్నవని నిర్ధారించారు. ఉత్తర ఆఫ్రికా నుంచి నార్వే దాక ఒకే కుటుంబమన్న మాట! అమెరికా మలుగులో చలిచోట, వెచ్చనిచోట బ్రతికి బయటపడే పిల్లల జన్యువులలో తేడా ఉన్నదని 2012లో కనిపెట్టారు. కాని సముద్రంలో మళ్లీ అందరూ కలిసేసరికి ఆ తేడా చెరిగిపోతుంది.

అన్ని జాతులూ ఇట్లా ఉండవు. తూర్పు ఆఫ్రికా నుంచి పసిఫిక్ దీవుల దాక వ్యాపించిన పెద్ద మచ్చల మలుగులో, ఒకే జాతి అయినా, హిందూ మహాసముద్రపు గుంపు వేరు, పసిఫిక్ గుంపులు వేరు. మన దేశపు మచ్చల మలుగుకు ఆఫ్రికా తూర్పున ఒక ఉపజాతి ఉన్నది.

దీనివల్ల రైతుకు ఏమిటయ్యా అంటారా? వరిలోవలె మంచి విత్తనం ఏరి వేసే వీలు మలుగులో లేదు. జపానులో 2010లో గుడ్డు నుంచి గుడ్డు దాక జీవితచక్రాన్ని తొట్లలో పూర్తి చేయగలిగారు గాని, ప్రపంచంలో పెంచే మలుగు దాదాపు అంతా ఇంకా నదీముఖంలో పట్టి తెచ్చిన పిల్లే. కనుక “మా హేచరీలో పుట్టిన మలుగు పిల్ల” అని ఎవరైనా అమ్మజూపితే డబ్బు చేతికి ఇవ్వకండి. 1980 తరువాత ఐరోపా తీరాలకు వచ్చే పిల్ల బాగా పడిపోయింది. 2009 నుంచి ఆ జాతి వ్యాపారంమీద అంతర్జాతీయ నిబంధన ఉన్నది. గాజు పిల్లలు అన్నీ ఒకే మాదిరిగా ఉంటాయి. ఏ దేశపుదో కంటితో తేలదు, జన్యుపరీక్షే దారి. జపాను నీళ్లలో పెంపకానికని తెచ్చిన ఐరోపా మలుగులు తప్పించుకొని తిరుగుతున్న సంగతి కూడ ఆ పరీక్షవల్లనే బయటపడింది.

విస్తరణ కార్యకర్తలకు ఒక మాట. మన వైపు పెద్ద మలుగు దొరికితే వీపు రెక్క ఎక్కడ మొదలయిందో చూడండి. మలద్వారానికి బాగా ముందే మొదలై, వీపుమీద మచ్చలుంటే మచ్చల మలుగు. ఇంచుమించు మలద్వారానికి పైనే మొదలై, ఒకే రంగుగా ఉంటే రెండవ జాతి. ఏ ఏట, ఏ నెలలో, ఆనకట్టకు ఎగువనా దిగువనా దొరికిందో పుస్తకంలో వ్రాసి ఉంచండి. పిల్ల తడిగోడలను ప్రాకి ఎక్కగలదు గాని, ఎత్తయిన పొడిగోడను దాటలేదు.

చెరువులోకి తనంత తాను వచ్చిన మలుగు మాటేమిటంటారా? రాత్రివేళ చేపపిల్లలను తింటుంది, జాగ్రత్త. వానరాత్రి గట్టు తడిగా ఉంటే దాటిపోతుంది కూడ.