పదును చూసి అచ్చు వెయ్యాలి

కర్నూలును ఆనుకుని ఉన్న కల్లూరులో ఎవరైనా సొంత ఖర్చుతో పుస్తకం వేశారనుకుందాం. ఆవిష్కరణ సభ జరుగుతుంది, శాలువాలు కప్పుతారు, వేదిక మీదివాళ్లకూ ముందు వరుసవాళ్లకూ ఉచిత ప్రతులు అందుతాయి. మిగిలిన కట్టలు అటకెక్కుతాయి. జనం చదవడం మానేశారని రచయిత నొచ్చుకుంటారు. కానీ అసలు తప్పు వరుసలో ఉంది. వాన పడి నేల పదునెక్కితే గాని సీమ రైతు వేరుశనగ విత్తడు. మనం మాత్రం ముందు అచ్చు వేసి, ఆ తర్వాత పాఠకులను వెతుకుతాం. డబ్బు తక్కువగా ఉన్నవాళ్లు మొదట మార్చుకోవలసింది ఈ వరుసనే.

ఇది కొత్తగా కనిపెట్టిన ఉపాయం కాదు. 1883లో కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు, కొమర్రాజు లక్ష్మణరావు తదితరులతో కలిసి 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలిని నెలకొల్పారు. ఆ మండలి వెలువరించిన గ్రంథమాలలో మొదటి పుస్తకం గాడిచర్ల రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. అప్పటి తెలుగు ఇళ్లలో ఎంతమందికి లింకన్ తెలిసి ఉంటాడు? అలాంటి పుస్తకాలతోనే మండలి నిలదొక్కుకుందంటే, చందాదారులను కూడగట్టుకున్న పద్ధతికి అందులో పెద్ద పాలుంది. కొనేవాళ్లు ఎవరో తెలిసినప్పుడు ఎన్ని ప్రతులు వెయ్యాలో కూడా తెలుస్తుంది.

లెక్క కూడా ఈ దారినే సమర్థిస్తుంది. 500 ప్రతులకు 40,000 రూపాయలు ఖర్చయిందనీ, పుస్తకం వెల 150 అనీ అనుకుందాం. దుకాణం 40 శాతం తీసుకుంటే ప్రతికి 90 చేతికొస్తుంది. 445 ప్రతులు అమ్ముడైతే గాని పెట్టుబడి తిరిగి రాదు. నేరుగా పాఠకుడికే పంపి, తపాలాకూ కవరుకూ 30 పోయినా 120 మిగులుతుంది. 334 ప్రతులు చాలు. 2025 మే 1న తపాలా శాఖ మొదలుపెట్టిన జ్ఞాన్ పోస్ట్‌లో 300 గ్రాముల లోపు పుస్తకానికి 20 రూపాయలే, పన్ను అదనం. పుస్తకాన్ని గుర్తించే ఐఎస్‌బీఎన్ సంఖ్యకు కూడా భారతదేశంలో రుసుము లేదు. ఇక ఆ 334 మంది ఎక్కడున్నారన్నది పుస్తకమే చెబుతుంది. 2009 అక్టోబరు వరదల మీద రాస్తే కర్నూలులో నీళ్లు చొచ్చుకొచ్చిన ప్రతి వీధీ, అక్కడినుంచి వలసపోయిన ప్రతి కుటుంబమూ పాఠకులే. ఒక అధ్యాయాన్ని వాట్సాప్‌లో ఉచితంగా పంపి, చివర ముందస్తు వెల, ఫోన్‌పే నంబరు, పుస్తకం అందే తేదీ రాస్తే సరిపోతుంది.

పేరు లేని రచయితకు ముందే డబ్బు ఎవరిస్తారని అడగవచ్చు. అందరూ ఇవ్వరు, నిజమే. యాభై మందే ఇస్తే వంద ప్రతులే వెయ్యాలి. డిజిటల్ ముద్రణలో ప్రతికి ఖరీదు కొంత పెరిగినా మొత్తం నష్టం చిన్నదే. తన పుస్తకం తానే అమ్ముకోవడం చిన్నతనమన్నది మరో మాట. అడగకుండా చేతిలో పెట్టిన ఉచిత ప్రతి చాలాసార్లు విప్పకుండానే బీరువా చేరుతుంది. రచనకు అంతకంటే చిన్నతనం ఏముంది? ఆన్‌లైన్ దుకాణంలో పెడితే చాలదా అంటే, అక్కడ పేరు తెలిసినవాళ్లే వెతుకుతారు. ఆ పేరు తెలియజేసే పని మళ్లీ రచయితదే.

కాబట్టి ప్రెస్సుకు వెళ్లేముందు ఒక నోటుపుస్తకం కొని, కొంటామని మాటిచ్చినవాళ్ల పేర్లు రాసుకోండి. అచ్చు వెయ్యాల్సిన ప్రతుల సంఖ్య ఆ జాబితాయే చెబుతుంది.