గుల్ల వయసు ఎంత?

మియాపూర్ బండల్లో నత్తగుల్లలు దొరకవు. అది కరిగిన రాయి చల్లారి గట్టిపడిన బండ. రాజమండ్రి పక్కన కాతేరులో సున్నపురాతి నిండా గుల్లలే! వాటి వయసు సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్లు.

గుల్లంటే ఒట్టి సున్నం కాదు. పప్పులో ఉండే మాంసకృత్తులు అందులోనూ కొంచెం ఉంటాయి. మాంసకృత్తి పూసల దండలాంటిది. ఆ పూసలే అమైనో ఆమ్లాలు. చెప్పుల జతలాగా వీటిలో ఎడమవి, కుడివి ఉంటాయి. బతికున్న నత్తలో దాదాపు అన్నీ ఎడమవే. నత్త చచ్చాక దండ మెల్లగా తెగుతుంది. ఎడమవి కొన్ని కుడివిగా మారతాయి. కుడివి ఎన్నో చూసి వయసు లెక్కగడతారు. వేడి చోట ఈ మార్పు తొందరగా జరుగుతుంది. ఎండకు కూర త్వరగా పాడవదూ? అలాగే.

ఎడమ, కుడి సమానమయ్యాక ఆ లెక్క పనిచేయదు. కాతేరు గుల్లలు ఆ దశ ఎప్పుడో దాటాయి. మరి వాటి వయసెలా తెలిసింది? వాటి పైనా, కిందా ఉన్న నల్లరాతి పొరల వయసు కట్టి తెలుసుకున్నారు.