మంచునీటిలో మత్స్యయాత్ర

పుష్యమాసపు తెల్లవారుజామున బకెట్టు నీటిలో చేయి ముంచడానికే మనం జంకుతాము. హిమాలయ ప్రాంతాలలో పనిచేసే ఉద్యోగ మిత్రులైతే కొళాయిలోని నీరు గడ్డకట్టిన ఉదయాలను కూడా చూసే ఉంటారు. అటువంటిది, సంవత్సరంలో అధికభాగం మంచు కప్పుకొని ఉండే నీటిలో పుట్టి, సముద్రానికి వెళ్ళి పెరిగి, తిరిగి పుట్టినచోటికే చేరుకునే చేపలున్నాయంటే ఆశ్చర్యం కలుగక మానదు. ఆ చేపల జీవితం వింత మాత్రమే కాదు. నదికి అడ్డుకట్ట వేసి విద్యుత్తును సాధించే పనితో ముడిపడిన మనవంటివారు తెలుసుకోదగిన పాఠం కూడా అందులో ఉన్నది. అందుకే ఆ కథను ఈ సంచికలో పాఠకుల ముందుంచుతున్నాము.

చలినీటిలో ప్రాణం నిలిచే తీరు

ప్రకృతి చేసిన మొదటి ఏర్పాటు నీటి స్వభావంలోనే ఉన్నది. మంచినీరు 4 డిగ్రీల సెల్సియస్ వద్ద అన్నిటికంటె బరువుగా ఉంటుంది. అంతకంటె చల్లబడిన నీరు తేలికై పైకి చేరుతుంది. గడ్డకట్టిన మంచు నీటిపై తేలుతుంది. కాబట్టి లోతైన సరస్సుపై మంచు పలక ఎంత మందంగా పరచుకొన్నా, దాని క్రింద నీరు నీరుగానే నిలుస్తుంది. పైగా చల్లని నీటిలో ప్రాణవాయువు అధికంగా కరుగుతుంది. 30 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 7.6 మిల్లీగ్రాములు మాత్రమే కరిగే ప్రాణవాయువు, సున్నా డిగ్రీల వద్ద 14.6 మిల్లీగ్రాముల వరకు కరుగుతుంది.

రెండవ ఏర్పాటు చేప శరీరంలోనే ఉన్నది. చలికాలంలో నేయి పేరుకొంటుంది, నువ్వులనూనె పేరుకోదు. ఈ భేదం మన గృహిణులందరికీ తెలిసినదే. చలినీటి చేపల కణాల పొరలలో నూనెవలె పేరుకోని క్రొవ్వులు ఎక్కువగా ఉంటాయి. అందువలన కణాలు బిగుసుకుపోక తమ పని తాము చేసుకొంటాయి. చేప శరీరపు వేడి చుట్టూ ఉన్న నీటినిబట్టి మారుతుంది గనుక, చలికాలంలో దాని జీవక్రియ మందగిస్తుంది; ఆహారపు అవసరమూ తగ్గుతుంది.

గడువు దాటితే ప్రాణాపాయం

సముద్రం సంగతి వేరు. ఉప్పు కలిసి ఉండడంవలన సముద్రజలం సున్నా వద్ద గడ్డకట్టదు; సుమారు మైనస్ 1.9 డిగ్రీల వరకు ద్రవంగానే ఉంటుంది. సాల్మన్ వంటి చేపల రక్తమో, మైనస్ 0.7 డిగ్రీల దరిదాపుల్లోనే గడ్డకడుతుంది. అంటే నీరు నీరుగా ఉండగానే అందులోని చేప మంచుముక్క అయిపోయే ప్రమాదం ఉన్నదన్నమాట. తూర్పు కెనడా తీరంలో వలపంజరాలలో పెంచే సాల్మన్ చేపలు కొన్ని శీతకాలాలలో ఈ విధంగానే మరణించాయి.

కొన్ని జాతులకు దీనికి విరుగుడు కలదు. రక్తంలో మంచు స్ఫటికాలు పెరగకుండా అడ్డుకొనే మాంసకృత్తులు కొన్ని చేపలలో ఉన్నాయని 1960లలో ఆర్థర్ డెవ్రీస్ అనే శాస్త్రవేత్త అంటార్కిటికా చేపలను పరిశీలించి కనుగొన్నారు. ఉత్తర ధ్రువ సముద్రంలోని కాడ్ జాతి చేపలకూ ఇటువంటి రక్షణ ఉన్నది. సాల్మన్ కుటుంబానికి మాత్రం అది లేదు. వాటికి ఉన్న ఆయుధం ఒక్కటే: ఎప్పుడు ఎక్కడ ఉండాలో ఎరిగి మసలుకోవడం.

ఇందుకు చక్కని ఉదాహరణ ఆర్కిటిక్ చార్ అనే చేప. మంచినీటి చేపలలో ఇంత ఉత్తరాన నివసించేది మరొకటి లేదు. కెనడాలోని ఎల్స్‌మియర్ దీవిపై, 81 డిగ్రీల అక్షాంశం దాటిన హేజెన్ సరస్సులో కూడా చార్ చేపలున్నాయి. సముద్రయానం చేసే చార్‌లు వేసవి ఆరంభంలో నదుల మంచు విరిగినప్పుడు సముద్రానికి బయలుదేరి, కొన్ని వారాలు మాత్రమే అక్కడ మేసి, శీతకాలం రాకముందే సరస్సులకు తిరిగివస్తాయి. ఆ కొద్ది వారాలలో కూడబెట్టిన క్రొవ్వే వాటికి సంవత్సరమంతటికీ ఆధారం. నాలుగు నెలల పంటను పన్నెండు నెలలు పొదుపుగా వాడుకొనే రైతు కుటుంబం వంటిదే వాటి బ్రతుకు. ఆ శక్తి చాలని సంవత్సరం అవి గుడ్లు పెట్టడం కూడా మానుకొంటాయి. అక్కడి ఇన్యూట్ ప్రజలకు తరతరాలుగా ఇదే ముఖ్యాహారం. నూనావుట్ రాజధాని ఇకాలుయిట్ పేరుకు అర్థం కూడా చేపలు సమృద్ధిగా ఉన్న చోటు అనే.

పుట్టినింటి వాసన

సాల్మన్ చేపలు మరింత దూరం వెళతాయి. నదిలోని కంకరలో తల్లి గుడ్లు పెట్టి కప్పివేస్తుంది. శీతకాలమంతా కంకర సందులలో ప్రవహించే నీరే ఆ గుడ్లకు ప్రాణవాయువును అందిస్తుంది. పిల్ల పెరిగి సముద్రప్రయాణానికి సిద్ధమయ్యేవేళ దాని శరీరం పూర్తిగా మార్పు చెందుతుంది. అంతవరకు నీరు త్రాగని చేప ఉప్పునీరు త్రాగనారంభిస్తుంది. మొప్పలు అధికమైన ఉప్పును వెలుపలికి నెట్టే యంత్రాలుగా మారుతాయి.

సముద్రంలో కొన్నేళ్ళు గడిపిన చేప తన నదిని ఎలా గుర్తుపడుతుంది? నదీముఖం చేరిన తరువాత దారి చూపేది వాసనే. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఆర్థర్ హాస్లర్ 1950ల నుంచి చేసిన పరిశోధనలు దీనిని నిరూపించాయి. పసితనంలో ఒక రసాయనపు వాసనకు అలవాటుపడిన సాల్మన్‌లు, పెద్దవైన తరువాత అదే రసాయనం కలిపిన ఏరును వెదుక్కుంటూ వచ్చాయి.

వైట్‌హార్స్ మెట్లు

యూకాన్ నది బేరింగ్ సముద్రంలో కలుస్తుంది. ఆ నదిలో ఎదురీది కెనడాలోని వైట్‌హార్స్ వరకు వెళ్ళే చినూక్ సాల్మన్ సుమారు 3,000 కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. నదిలో ప్రవేశించాక అది ఆహారం ముట్టదు. వైట్‌హార్స్ వద్ద 1958లో జలవిద్యుత్ కేంద్రం వెలసింది. మరుసటి సంవత్సరమే అక్కడ చేపల కోసం కొయ్యతో మెట్ల మార్గం నిర్మించారు. చిన్న చిన్న తొట్లు మెట్లవలె అమర్చి నీరు వదులుతారు. చేప ఒక్కొక్క తొట్టిలో అలసట తీర్చుకొంటూ పైకి ఎక్కుతుంది. 1990లలో కొన్ని సంవత్సరాలు వెయ్యికి పైగా చినూక్‌లు ఈ మెట్లెక్కగా, 2022లో ఆ సంఖ్య రెండు వందలకు లోపే.

ఆనకట్ట ఒక్కటే ఇందుకు కారణమనడం న్యాయం కాదు. సముద్రం, నది రెండూ వేడెక్కుతున్నాయి. 2019 వేసవిలో అలాస్కాలోని కొయుకుక్ నదిలో చమ్ సాల్మన్‌లు గుడ్లు పెట్టకముందే వేడినీటిలో మరణించాయి. చలికి తట్టుకొనేలా రూపొందిన శరీరానికి వేడి శత్రువైనది. 2024 ఏప్రిల్‌లో అలాస్కా, కెనడా ప్రభుత్వాలు యూకాన్ చినూక్ వేటను ఏడు సంవత్సరాలపాటు నిలుపుచేసే ఒప్పందానికి వచ్చాయి. తరతరాలుగా ఆ చేపపై ఆధారపడిన ఆదివాసుల ఇండ్లలో వేసవి పొగగూళ్ళు చినూక్ లేక చల్లబడ్డాయి. అట్లాంటిక్ సాల్మన్ సంఖ్య 2006, 2020 సంవత్సరాల మధ్య 23 శాతం తగ్గిందని అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం 2023లో ప్రకటించింది. 2024 జూన్‌లో నార్వే 33 నదులలో సాల్మన్ వేటను ఆపివేసింది.

ఆశకు చోటు లేకపోలేదు. అమెరికాలోని క్లామత్ నదిపై నాలుగు పాత ఆనకట్టల తొలగింపు 2024లో పూర్తి కాగానే, శతాబ్దానికి పైగా చేప ఎక్కలేని ఎగువ ప్రాంతానికి ఆ అక్టోబరులోనే సాల్మన్‌లు చేరుకొన్నాయి. దారి దొరికితే చాలు, అవి వస్తాయి.

మన గడపలోని కథ

ఇదంతా దూరదేశపు ముచ్చట అనుకోనవసరం లేదు. పుస్తెలమ్మి అయినా పులస తినాలని గోదావరి జిల్లాలవారు అంటారు. ఆ పులస కూడా ఇటువంటి యాత్రికురాలే. సముద్రంలో పెరిగిన ఇలస, వరదనీటి రాకతో గోదావరికి ఎదురీది పులస అవుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట దాని దారికి అడ్డు. గంగలో ఒకప్పుడు అలహాబాదు వరకు వెళ్ళిన ఇదే జాతి చేప, 1975లో ఫరక్కా బ్యారేజీ ప్రారంభమైన తరువాత ఎగువన అరుదైపోయింది.

ఆనకట్టలు వద్దని మేము అనబోము. మన పొలాలకు నీరు, మన ఇండ్లకు వెలుగు వాటివలననే వచ్చాయి. అయితే నది మనకొక్కరికే దారి కాదు. ప్రాజెక్టు నమూనా గీసేనాడే చేపకు ఒక మార్గం ఉంచడం, వలస కాలంలో నీటి విడుదలను అందుకు అనుగుణంగా క్రమపరచడం ఇంజనీర్లకు అసాధ్యమైన పనులు కావు. గుడ్లతో ఎదురీదివచ్చిన తల్లిచేప గోడకు తల కొట్టుకొని వెనుదిరగకుండా చూడడం కూడా మన వృత్తిధర్మంలో భాగమేనని ఉద్యోగ మిత్రులకు మనవి చేస్తున్నాము.