కప్పకు పసుపు పూయరాదు

విదేశాలలో కొందరు కప్పలను గాజుతొట్టెలలో పెంచుకొంటారు. అక్కడ స్థిరపడిన మనవారు, కప్పకు జబ్బు చేస్తే పసుపు గాని వేపనూనె గాని పూయవచ్చునా అని నన్ను అడుగుతుంటారు. పూయరాదు. కప్ప నీటిని చర్మంతోనే గ్రహిస్తుంది. కొంత శ్వాస కూడా చర్మం ద్వారానే జరుగుతుంది. మనకు పైపూత అయినది దానికి లోపలికి మ్రింగిన మందుతో సమానం.

లక్షణాలు: మేత మానుట, మందకొడిగా పడియుండుట, వెల్లకిల పడినచో తిరిగి లేవలేకపోవుట. పొట్ట, తొడలు ఎర్రబారితే రక్తంలో సూక్ష్మజీవులు చేరియుండవచ్చు. చర్మం పొరలుగా అతిగా ఊడితే కైట్రిడ్ శిలీంధ్రాన్ని అనుమానించవలెను. 1999లో శాస్త్రజ్ఞులు పేరు పెట్టిన ఈ శిలీంధ్రం చర్మం ద్వారా జరిగే లవణాల రాకపోకలను చెరచి గుండెను ఆపగలదు.

చికిత్స: జబ్బుపడిన కప్పను వెంటనే వేరుచేసి, క్లోరిన్ తొలగించిన నీటితో తడిపిన శుభ్రమైన తొట్టెలో ఉంచి, పశువైద్యునికి చూపవలెను. కైట్రిడ్‌కు ఇట్రాకొనజోల్ స్నానం ఆయన చెప్పిన మోతాదులోనే చేయించవలెను. కప్పను ముట్టిన చేతులను సబ్బుతో కడుగుకొనవలెను.

మనిషికి హితమైన ఔషధం ప్రతి ప్రాణికీ హితం కాదు.