మిర్చి ఘాటు జిన్‌లోకి ఎలా దిగుతుంది?

ఎన్‌టీఆర్ జిల్లాలో తెలంగాణ సరిహద్దును ఆనుకొని ఉన్న తిరువూరు ప్రాంతం మామిడికీ మిర్చికీ పేరున్న నేల. ఒకవైపు ఖమ్మం, మరొకవైపు గుంటూరు మిర్చి మార్కెట్లు ఉన్న ఈ ప్రాంతపు వంటింట్లో తిరగమోతలో వేసిన ఎండుమిర్చి ఘాటు నూనెలోకి దిగడానికీ, ఇంట్లో తయారుచేసుకునే కాక్‌టెయిల్‌లో అదే ఘాటు జిన్‌లోకి దిగడానికీ కారణం ఒక్కటే. మిర్చికి కారాన్నిచ్చే క్యాప్సైసిన్ అనే పదార్థం నీటిలో దాదాపు కరగదు గానీ నూనెలోనూ ఆల్కహాల్‌లోనూ తేలికగా కరుగుతుంది.

క్యాప్సైసిన్ ఎక్కువగా ఉండేది గింజల్లోనని చాలామంది అనుకుంటారు. నిజానికి అది తయారయ్యేది కాయ లోపల గింజలను పట్టి ఉంచే తెల్లని పొరలో. గింజలకు అంటేది ఆ పొర నుంచే. 1912లో అమెరికన్ ఔషధ శాస్త్రవేత్త విల్బర్ స్కోవిల్ మిర్చి కారాన్ని కొలవడానికి ఎండుకాయల సారాన్ని ఆల్కహాల్‌తోనే తీసి, దానిని పంచదార నీటితో పలుచన చేస్తూ, రుచిచూసేవారి నాలుకకు మంట తెలియకుండా పోయే స్థాయిని లెక్కగట్టాడు. ఆయన పేరుతోనే స్కోవిల్ ప్రమాణం ఏర్పడింది.

కారం రుచి కాదు, వేడిని తెలిపే సంకేతం. నోటిలోని నాడుల చివర ఉండే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం, అంటే బయటి మార్పును పసిగట్టి నాడికి తెలియజేసే ప్రోటీన్, సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి స్పందిస్తుంది. క్యాప్సైసిన్ తగిలినా అలాగే స్పందించడం వల్ల మెదడు దానిని కాలడంగానే గ్రహిస్తుంది. 1997లో ఈ గ్రాహకాన్ని గుర్తించిన డేవిడ్ జూలియస్ 2021లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతిని ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిసి అందుకున్నారు. ఆల్కహాల్ ఈ గ్రాహకం స్పందించే ఉష్ణోగ్రతను సుమారు 34 డిగ్రీలకు, అంటే శరీరపు వేడి కంటే దిగువకు తెస్తుందని పరిశోధనల్లో తేలింది. కాబట్టి జిన్ మిర్చి ఘాటును కరిగించుకోవడమే కాక, ఆ మంటను మరింత తీవ్రం చేస్తుంది.

జూనిపెర్ కాయల సువాసన ప్రధానంగా ఉండే జిన్‌లో ధనియాలు, నిమ్మజాతి పండ్ల తొక్కలు, కొన్నిసార్లు ఏలకులు కూడా ఉంటాయి గనుక తెలుగువారి మసాలా దినుసులు దానికి సహజంగా నప్పుతాయి. ఒక గ్లాసుకు 60 మి.లీ. జిన్‌లో, నిలువునా చీల్చి లోపలి తెల్లని పొర తీసేసిన ఒక పచ్చిమిర్చిని వేసి, ఐదు నిమిషాలకొకసారి చుక్క రుచిచూస్తూ, చాలనిపించగానే కాయను తీసేయాలి. కారప్పొడి వాడితే కణాలు చిన్నవి కావడంతో ఘాటు ఒక్కసారిగా దిగి, అదుపు తప్పుతుంది. తరువాత 20 మి.లీ. నిమ్మరసం, 15 మి.లీ. పంచదార పాకం, చిటికెడు ఉప్పు, మంచుముక్కలు కలిపి గిలకొట్టి వడకట్టాలి. నిమ్మలోని ఆమ్లం మంటను పెంచుతుంది, తీపి దానిని కొంత అణచుతుంది, చల్లదనం కొద్దిసేపు వెనక్కి నెడుతుంది. అందుకే మొదటి గుక్కలో తెలియని ఘాటు ఆ తరువాత నెమ్మదిగా పైకి వస్తుంది.

ఘాటు మితిమీరితే నీళ్లు తాగడం వల్ల ప్రయోజనం తక్కువ. పాలలోనూ పెరుగులోనూ ఉండే కేసీన్ అనే ప్రోటీన్ క్యాప్సైసిన్‌ను పట్టుకొని నాలుక మీద నుంచి తొలగిస్తుంది గనుక ఒక చెంచా పెరుగే మేలైన ఉపశమనం. మిర్చి కోసిన చేతులను సబ్బుతో కడుక్కోకుండా కళ్లు తాకకూడదు.

ఆంధ్రప్రదేశ్‌లో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మడం చట్టవిరుద్ధం. తాగే వయసు వచ్చినవారు గుర్తుంచుకోవలసింది కూడా ఒకటి ఉంది: మన దేశంలో సాధారణంగా 42.8 శాతం గాఢతతో దొరికే జిన్ 60 మి.లీ.లో సుమారు 25.7 మి.లీ. శుద్ధ ఆల్కహాల్ ఉంటుంది. కారం, పులుపు, తీపి, మంచు దాని రుచిని మార్చగలవే తప్ప ఆ పరిమాణాన్ని ఒక్క చుక్కయినా తగ్గించలేవు.